ఏడో నంబరు

సోంపేట డయాలసిస్ సెంటర్లో పది మంచాలు, మూడు షిఫ్టులు.
లిస్టు నడిపేది ఒక పాత కంప్యూటరు,
దాన్లో పెర్ల్,
నాకు ముందు పనిచేసినాయన వదిలేసి వెళ్ళిన భాష.
పేర్ల వరుసని అది అర్రే అంటుంది.
సున్నా నుంచి లెక్కపెడుతుంది.

"సున్నా నంబరేటి బాబూ, నాను మనిసిని కానా?"
దాలమ్మ మొదటి రోజే దెబ్బలాడింది.

ఆ రాత్రే మొదలెట్టాను నా సొంత అర్రే.
అంతా రాయక్కర్లేదు. బేస్ క్లాసు ఒకటుంటుంది,
టెంట్ హౌస్ వాడిలా సామానంతా తనే దింపుతుంది:
చివర చేర్చడం, ముందు నుంచి తీయడం,
మధ్యలోంచి కోయడం.
మనం చెప్పాల్సినవి కొన్నే.
ఫలానా నంబరంటే ఎవరినివ్వాలి,
ఎవరిని ఎక్కడ పెట్టాలి,
ఎంతమంది అంటే ఏమనాలి.

అడిగిన నంబర్లోంచి ఒకటి తగ్గించి చూడమన్నాను.
అరగంట పని.
దాలమ్మ ఒకటో నంబరైంది.
"ఆఁ, ఇప్పుడు బాగున్నాది" అంది,
ఫిస్ట్యులా చెయ్యి పమిట కింద దాచుకుంటూ.

ఆగస్టులో ఏడో నంబరు పోయాడు.
బైరి కూర్మయ్య, బొరివంక.
కొబ్బరిచెట్లెక్కి కాయ దింపేవాడు,
తను దింపిన బొండాం తను తాగకూడదు.
నీళ్ళు మందు సీసా మూతతో కొలుచుకునేవాడు,
ఆఖరి చుక్క నాలిక మీద ఉంచి
ఆటోలో కవిటి దాకా మింగేవాడు కాదు.

పేరు తీసేశాను.
ఎనిమిది ఏడయ్యింది, తొమ్మిది ఎనిమిదయ్యింది,
అందరూ ఒక్కడుగు ముందుకి జరిగారు,
రేషన్ షాపు దగ్గర ఎవరో పక్కకి తప్పుకున్నట్టు.
మెసేజీలు వెళ్ళాయి.
దుక్క లోకనాథం ఫోన్ చేశాడు:
"బాబూ, నాది ముప్పైయట, మంచం దొరికినట్టేనా?
ఏటయ్యింది?"
సిస్టం, అన్నాను.

నిద్ర పట్టలేదు.
తీసివేతని నేనే తిరగరాశాను.
ఇకమీదట ఎవరు పోయినా
వరుస దగ్గరికి జరగదు, ఆ చోటు ఆ చోటే.

మంగళవారం ఏడో మంచం నాలుగు గంటలు ఖాళీగా ఉంది.
సుబాసిని సిస్టర్ నా గదిలోకొచ్చి
తలుపు వెయ్యకుండానే అరిచింది:
"సచ్చినోడికి మంచమేటిరా?
బతికున్నోడు కాళ్ళు వాచి బెంచీ మీదున్నాడు, సూడు!"
ఆ బెంచీ మీద లోకనాథమే.

సరే, లెక్క మార్చాను.
ఎంతమంది అంటే బతికున్నవాళ్ళనే చెప్పమన్నాను.
ముప్పై.
బేస్ క్లాసు అనుమానించదు, చెప్పింది నమ్ముతుంది.
ఒకటి నుంచి ముప్పై దాకా నడిచింది,
ఏడు దగ్గర ఖాళీనీ ఒక అడుగుగా తొక్కి
ముప్పై రాగానే ఆగిపోయింది.

ముప్పై ఒకటి దగ్గర లోకనాథం
ఉన్నాడు,
కానీ అంత దూరం ఎవరూ వెళ్ళలేదు.

తెల్లారేదాకా ఆ తప్పు వెతికాను.
టీ చల్లారి మీగడ కట్టింది.
కోడ్‌లో తప్పేం లేదు.
కూర్మయ్యని లెక్కలోంచి నేను తప్పించాను,
వరుస చివర బతికున్నవాడు రాలిపోయాడు.

ఇప్పుడు ఎంతమంది అంటే ముప్పై ఒకటి అంటుంది.
మంచాలు పంచేటప్పుడు మాత్రం ఏడు దాటేస్తుంది.
పొద్దున్న సిస్టర్ పిలుస్తుంది,
అయిదు, ఆరు,
కాగితం మీద వేలు కాసేపు నిలబడి
ఎనిమిది.
ఆ కాసేపు నేను రాసింది కాదు.

చివర చేర్చే పని మాత్రం ముట్టుకోలేదు.
అది బేస్ క్లాసు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది.
ఈ నెల్లో నాలుగుసార్లు నడిచింది.
ఒక్కసారీ తప్పు పోలేదు.